నాయనమ్మకి చెప్పిన సీరియల్ కథ

మా చిన్నప్పుడు... నాయనమ్మ రొయ్యల షెడ్డు నుంచి వచ్చి, పెరట్లో నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటా "ఏరా, ఇయ్యాల కోడలు ఏం చేసింది?" అని అడిగేది.

కోడలంటే మా అమ్మ కాదండి... టీవీ సీరియల్లో కోడలు.

మాది మండవల్లి పక్కన లంక ఊరు. నేనప్పుడు మూడో తరగతి. నాయనమ్మ కైకలూరులో రొయ్యల తలలు తీసే పనికి వెళ్ళేది. ఇంటికొచ్చేసరికి సీరియల్ అయిపోయేది. అందుకని నేను చూసి చెప్పాలి. బయట ఎవరైనా పేరడిగితే నాకు నోరు పెగిలేది కాదు... ఆ కథ మాత్రం డైలాగులతో సహా చెప్పేవాణ్ణి.

ఆ సీరియల్ ఎలా ఉండేదంటే... అత్తగారు పడుకున్నా పట్టుచీరే. ఆ వంటింట్లో ఒక్క గిన్నెకీ మసి ఉండదు. ఎవరైనా ఒక్క మాటంటే ఆరుగురి మొహాలు మూడేసిసార్లు చూపిస్తారు. అరగంటలో కథ నాలుగు ముక్కలే. నాయనమ్మ ఊరుకోదుగా... "ఎవరు మొహం ఎలా పెట్టారో కూడా చెప్పు" అనేది. నాకు గంట పట్టేది.

అప్పుడే మా ఇంట్లో గొడవైంది. అమ్మ కొరమేను పులుసులో చిన్న బెల్లం ముక్క వేసింది... పుట్టింటి అలవాటు. నాయనమ్మ ఒక ముద్ద తిని "పులుసు పెట్టమంటే పానకం పెట్టావేంటమ్మా" అంది. షెడ్డు ఆడవాళ్ళకి కూడా చెప్పి నవ్వించింది. అది అమ్మ చెవిన పడింది. మర్నాడు చెల్లినెత్తుకుని తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది. నాకు పరీక్షలని నన్ను ఉంచేసింది. నాన్నేమో చేపల లారీ మీద వెళ్ళాడు.

వారం అయింది... అమ్మ రాలేదు. నాయనమ్మ ఆ ఊసే ఎత్తదు. నేను రోజూ రోడ్డు మీదకెళ్ళి బస్సులు చూసి వచ్చేవాణ్ణి.

సీరియల్లో కూడా కోడలు ఇల్లొదిలి వెళ్ళిపోయింది అప్పుడే. నాయనమ్మ ఆ అత్తని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది. "ఆడది కాదురా అది, రాక్షసి" అనేది. నేను అన్నం మెతుకులు కెలుక్కునేవాణ్ణి.

శుక్రవారం సరిగ్గా సీరియల్ టైముకి కరెంటు పోయింది. నాయనమ్మ ఇంటికొచ్చే ముందు మళ్ళీ కరెంటొచ్చింది. ఆవిడ ఎప్పట్లాగే అడిగింది. ఏమైందో నాకేం తెలుసు... కల్పించి చెప్పేశానండి. అత్తగారే బస్సెక్కి కోడలి పుట్టింటికి వెళ్ళిందని... "పదమ్మా" అని చెయ్యి పట్టుకుందని.

"ఆవిడే వెళ్ళిందా?"

"ఆవిడే."

"పట్టుచీరలోనా?"

"కాదు... మామూలు చీర."

 ఆదివారం చర్చి అవగానే నాయనమ్మ "చొక్కా మార్చుకో, గూడెం వెళ్దాం" అంది.

ఏలూరు బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. కొల్లేరు దాటతా ఉంటే మెల్లగా "శుక్రవారం సీరియల్ టైముకి మన ఊళ్ళో కరెంటే లేదంట కదరా" అంది.

 బస్సు ఆపించి దిగిపోద్దేమో అనుకున్నా... దిగలేదు. కొంగుతో నా మొహం మీద చెమట తుడిచింది.

గూడెంలో అమ్మ గుమ్మంలోకొచ్చి "రండత్తయ్యా" అని మంచినీళ్ళిచ్చింది. నాయనమ్మ తాగి, గ్లాసు అమ్మ చేతికిచ్చింది.

"నువ్వు లేకపోయేసరికి నీ కొడుకు అబద్ధాలు నేర్చుకుంటన్నాడమ్మా... వచ్చెయ్యి."

అమ్మ నా వైపు చూసింది. ఆవిడ వైపు చూసింది. లోపలికెళ్ళి సంచి సర్దింది.

ఇప్పుడు నాయనమ్మ షెడ్డు మానేసింది. అమ్మా ఆవిడా ఒకే మంచం మీద కూర్చుని సీరియళ్ళు చూస్తారు, ఇద్దరూ కలిసే అత్తల్ని తిడతారు. నన్ను కథ చెప్పమనేవాళ్ళు ఎవరూ లేరు... అంతా బానే ఉంది గానీ, నేను నోరు విప్పి మాట్లాడిన ఆ గంట మళ్ళీ రాలేదండి.

మీ ఇళ్ళల్లో చూడనోళ్ళకి కథ చెప్పింది ఎవరండీ? మీరూ ఏమన్నా కలిపి చెప్పేవారా...