జంపఖానాలో సందు

మొన్న ఎండకు వేద్దామని మా కోడలు అటక మీది జంపఖానా దింపి, ఒక కొసన నడిమధ్యలో జానెడు మేర చీలి ఉండటం చూసి, ఇది చినిగిపోయింది మామయ్యా, పారేస్తానంది. చినగలేదమ్మా, నేసిందే అట్లా అని చెప్పి, కాస్త విసురుగానే లాక్కున్నాను. పాపం, బిత్తరపోయింది.

కొత్తవాడలో పుట్టి పెరిగిన నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, పెద్ద జంపఖానా ఒక్కడి చేతి పని కాదు. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కనే కూర్చుని ఎవరి సగం వాళ్లు నేయాలి, ప్రతి వరుసలోనూ నడుమకు వచ్చేసరికి ఒకరి పోగు మరొకరి పోగును మెలేసుకుని వెనక్కి తిరగాలి, ఆ తర్వాత ఇద్దరూ పంజాతో, అదే ఆ ఇనుప దువ్వెనతో, ఒక్క దెబ్బగా కొట్టాలి. మెలిక తప్పితే అక్కడ సందు పడుతుంది.

నా పక్కన కూర్చున్నది మా వదిన తమ్ముడు. పరకాల దగ్గరి పల్లె నుంచి పని నేర్చుకోవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. నాది నీలం సగం, అతనిది ఎరుపు. ఒకరినొకరు బావా అని పిలుచుకునే వరస కాబట్టి మా సరసాలూ అలకలూ చూసి ఇంటిల్లిపాదీ నవ్వేవారే తప్ప ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆదివారాలు ఒకే సైకిలు మీద హసన్‌పర్తి చెరువు దాకా పోయి పొద్దు గూకేదాకా కూర్చునేవాళ్లం. అది ఉత్త దోస్తీ కాదని, ప్రేమేనని ఆ గట్టు మీదే ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఇంతలో భివండిలో మరమగ్గాలున్న వాళ్ల పిల్లతో అతనికి సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక అక్కడే పని, అక్కడే కాపురం. ఇదంతా వయసు ముచ్చట, పెళ్లయితే ఇద్దరం మరిచిపోతామని ఒక రోజు అన్నాడు. పోవద్దని బతిమాలాను. నేను ప్రాణం పెట్టుకున్నది అతనికి వట్టి ముచ్చటేనా అన్న దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

ఇద్దరం కలిసి నేసిన చివరి జంపఖానా అది. ఇంకో జానెడు మిగిలి ఉండగా, అతని పోగు నడుమ దాకా వచ్చి నా పోగును తాకకుండానే వెనక్కి మళ్లింది. పొరపాటనుకున్నాను. తర్వాతి వరుసలోనూ అంతే. నా పోగు పట్టుకుని ఆగిపోయాను.

"కలుపవా బావా?" అని అడిగాను.

"కలిపిన్నంటె నేను పోలేను బావా," అన్నాడు, నా దిక్కు చూడకుండానే.

నా అనుమానం తీరింది, అతను మాత్రం దక్కలేదు. మిగిలిన జానెడూ అట్లాగే నేశాం. సందు పడ్డ జంపఖానా తీసుకోనని సేటు తిప్పి పంపితే, నాయన ఇద్దరినీ తిట్టి దాన్ని ఇంట్లో పడేశాడు.

భివండి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. కొన్నేళ్లకు అక్కడే జ్వరంతో పోయాడని కబురొచ్చినప్పుడు, అక్క కాబట్టి వదిన గుండెలు బాదుకుని ఏడ్చింది. బావనైన నేను వచ్చిపోయే వాళ్లకు చాయలు అందించాను. తర్వాత నా పక్కన ఎవరు కూర్చుని నేసినా, పంజా ఎత్తినప్పుడల్లా వినబడే రెండో దెబ్బ అతనిదే. మగ్గం అమ్మేస్తే ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. ఇప్పటికీ భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగితే వినబడుతుంది.

ఇప్పుడు కొత్తవాడలో మగ్గాల చప్పుడే తక్కువ. ఇద్దరు మగపిల్లలు ఒక ఇల్లు తీసుకుని కలిసి బతుకుతున్నారని మా మనవరాలు ఫోన్‌లో చూసి, కూర బాగుందన్నంత మామూలుగా చెప్పింది. వాళ్లు చల్లగా ఉండాలనుకున్నాను. వెంటనే కుళ్లు కూడా పుట్టింది, అబద్ధమెందుకు.

ఆ సందును కుట్టిస్తానని నిన్న కోడలు అడిగితే వద్దన్నాను. మధ్యాహ్నాలు ఆ జంపఖానా పరుచుకుని నీలం వైపే పడుకుంటున్నాను. ఎరుపు వైపు కాలు కూడా చాచను.