అడుగున గీతలు లేని చెంబు

ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు ఆ పిల్ల చేత తప్పయిందని చెప్పించలేదని హైమవతి గారిని ఉద్యోగంలోంచి తీసేశారు.

కంప్యూటర్ కోర్సులకు పేరుపడ్డ మైత్రీవనం వెనక సందులో ఉన్న ప్రైవేటు బడి అది. అక్కడ కంప్యూటర్లు చూసుకునే పని నాది. ఆవిడ సాంఘికశాస్త్రం చెప్పేవారు. మెట్ల కింది గదిలో తిరగలి, కిరోసిన్ దీపం, ధాన్యం కొలిచే మానిక లాంటివి పోగుచేసి మ్యూజియం పెట్టారు. వేటికీ పేరు రాసిన చీటీ ఉండేది కాదు. వస్తువు పిల్లల చేతికిచ్చి, పేరు తర్వాత, ముందు ఎక్కడ అరిగిందో చూడమనేవారు. తిరగలి పిడి అంత నున్నగా ఎందుకయిందో వాళ్లే తేల్చేవారు. ఊరంతా జావా నేర్చుకుంటుంటే ఈ తిరగలి గొడవేమిటని తల్లిదండ్రులు విసుక్కునేవారు.

వార్షికోత్సవానికి కరస్పాండెంటు హనుమత్ప్రసాద్ మ్యూజియంలో పెట్టడానికి ఇంటి నుంచి ఒక ఇత్తడి చెంబు తెచ్చాడు. రెండు వందల ఏళ్లుగా తమ వంశంలో వాడుతున్నదని చీటీ అంటించాడు. తల్లిదండ్రులకు దాన్ని చూపిస్తుంటే ఆరో తరగతి సుష్మిత చెంబు అందుకుని తిరగేసింది.

"గిన్నేండ్ల సంది దీన్ని ఎవ్వలు కింద పెట్టలేదా సార్? అడుగున ఒక్క గీత సుత లేదు."

అందరూ నవ్వారు.

పాఠం చెప్తున్నారా, పోలీసు పని నేర్పుతున్నారా అని హనుమత్ప్రసాద్ హైమవతి గారిని నిలదీశాడు. మర్నాడు ప్రార్థన దగ్గర పిల్ల చేత తప్పు ఒప్పించమన్నాడు. పిల్ల సరిగ్గానే చూసిందండీ, అన్నారావిడ. ఆ వారమే మానిపించారు. ఆ గదిలో నా చేత కంప్యూటర్లు పెట్టించారు. తిరగలి పాతసామాన్ల బండెక్కింది.

ఆవిడ పంజగుట్టలో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్లో చేరారు. మానిక ఒక్కటే వెంట తెచ్చుకున్నారు. కోర్సుల సంగతి కనుక్కోవడానికి వచ్చినవాళ్ల పిల్లలు ఏడిస్తే దాన్ని చేతికిచ్చి చూడమనేవారు.

కొన్నేళ్లకు మా బడి పేరు చివర 'ఇంటర్నేషనల్' చేరింది. అలాంటి బళ్లకు మ్యూజియం కావాలట. హనుమత్ప్రసాద్ ఆవిడకు కబురు పెట్టాడు. పాత ఉద్యోగం, పెద్ద గది, తాళాలున్న అద్దాల బీరువాలు ఇస్తానన్నాడు. చెంబు మీది చీటీ మాత్రం అలాగే ఉండాలన్నాడు.

పంజగుట్ట బస్టాపులో కనిపిస్తే, వెళ్తారా అని కొంచెం ఎగతాళిగానే అడిగాను. ఆవిడ అలా తీసుకోలేదు.

"చీటీ ఉండనివ్వండి అన్నాను బాబూ. బీరువాకి తాళం వద్దు, చెంబు పిల్లల చేతికి రావాలి అన్నాను. దానికే ఆయన ఇంకా ఒప్పుకోలేదు."