కొమురయ్య కాక వేలిముద్ర

నిన్న పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డాను. ఫోన్ మోగింది. ఎత్తగానే అవతల తేనె పూసినట్టున్న గొంతు. "నమస్తే మేడం, మీ అమ్మగారి హెల్త్ కార్డు గడువు ఇయ్యాల్టితో అయిపోతుంది. ఒక్క నిమిషంల రెన్యూవల్ చేస్త, మెసేజ్‌ల వచ్చిన నంబరు చెప్పుండ్రి." ఆ గొంతు వెనకాల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఇంకా ఇద్దరు ముగ్గురు ఇవే మాటలు ఇంకెవరితోనో చెబుతున్న గుసగుస వినిపించాయి. పాలు పొంగేదాకా అలాగే విని ఫోన్ పెట్టేశాను. అంత మెత్తగా మాట్లాడే మనిషి ఎదురైతే కొమురయ్య కాక ఏం చేసేవాడో నాకు తెలుసు. ముందు కళ్ళు చిన్నవి చేసేవాడు. తర్వాత చాయ్ తాగమనేవాడు.

కాక అని పిలవడమే కానీ, ఆయన మాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో, గనుల్లో పనిచేసి రిటైరైన వాళ్ళు సొంతంగా చిన్న చిన్న ఇళ్ళు కట్టుకున్న గల్లీలో మా ఇంటి పక్క ఇల్లు వాళ్ళది. మా నాన్నా ఆయనా ఒకే గనిలో బొగ్గు నింపేవాళ్ళు. నాన్న పోయాక అమ్మకు ఏ అవసరం వచ్చినా గోడ మీంచి కాకనే పిలిచేది. పిల్లలు లేరు ఆయనకు. ఆయనా, లచ్చవ్వ చిన్నమ్మా, ఇద్దరే. నేను అక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని, ఇప్పటికీ చెబుతున్నాను.

కాక ఎవరినీ నమ్మేవాడు కాదు. బస్సెక్కితే ఎటు పోతుందని కండక్టర్ని అడిగేవాడు. కూర్చున్నాక పక్కవాణ్ణి మళ్ళీ అడిగేవాడు. మందుల షాపు నుంచి గోళీలు తెస్తే వాటి మీది తేదీ చదవమని నాకిచ్చేవాడు. నేను చదివి చెప్పాక "సరే బిడ్డా" అని తీసుకుని, నాలుగిళ్ళ అవతల ఇంకొకరి చేత చదివించుకుని, ఇద్దరం ఒకే మాట చెబితేనే వేసుకునేవాడు. ఆ సంగతి తెలిసి మొదట్లో నాకు కోపం వచ్చింది. చిన్నమ్మ నవ్వింది. "నా మీద గూడ గంతే బిడ్డా. కూరల ఉప్పేసిన అంటే, గిన్నె మూత తీసి చూస్తడు" అంది.

ఆ ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా గల్లీకి ఒక యువకుడు వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, వేలిముద్ర తీసుకునే చిన్న మిషను. రిటైరైన వాళ్ళకూ వాళ్ళ భార్యలకూ దవాఖాన ఖర్చులు భరించేందుకు గనుల కంపెనీ ఇచ్చే వైద్య కార్డు మా గల్లీలో ప్రతి ఇంట్లోనూ ఉండేది. దాన్ని ఏటా రెన్యూవల్ చేయించుకోకపోతే ఆగిపోతుందని అందరికీ తెలుసు, కానీ ఎప్పుడు, ఎక్కడ అన్నది ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ పిల్లవాడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, ఇంటి దగ్గరే పని అయిపోతుందన్నాడు. మాట అచ్చం మన మాటే. ఆడవాళ్ళు కార్డులు పట్టుకుని కాక వాళ్ళ అరుగు ముందు గుమిగూడారు. మా అమ్మ కూడా.

"కాకా, మీది గూడ ఈ నెలతోని ఖతం. ఏలు పెట్టుండ్రి, రెండు నిమిషాల పని" అన్నాడు.

"ఎండల వడి వచ్చినవ్. కూసో బిడ్డా, చాయ్ తాగు" అన్నాడు కాక. చిన్నమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. అతను రెండు గుక్కలు తాగేదాకా కాక మాట్లాడలేదు. ఆ తర్వాత, "నాకంటె ముందు మా తమ్ముడిది చెయ్యి. పోశయ్య. నా ఎన్కనే రిటైరైండు. పాపం, మంచంల వడ్డడు" అన్నాడు.

నేను ఉలిక్కిపడి చిన్నమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ పిల్లవాడు ట్యాబు మీద వేలు జరుపుతూ జరుపుతూ ఆగాడు. "ఆ, పోశయ్య. ఉన్నది కాకా. ఆయనది నిన్ననే బందైంది. జల్ది చెయ్యాలె."

"అయ్యో. ఆయన భార్యది?"

"ఆమెది గూడ బందే."

"ఆమె పేరు ఎట్ల రాసి ఉన్నదో జర చూడు. దవాఖానల తప్పు రాసిన్రని ఎప్పుడు కొట్లాడుతది."

అతను ట్యాబును ఎండకు అడ్డంగా తిప్పాడు, నెట్ రావడం లేదన్నాడు. కాక లేచి అతని చేతిలోంచి చాయ్ గ్లాసు తీసుకున్నాడు. గొంతు పెంచలేదు. "నాకు తమ్ముడే లేడు బిడ్డా. మా అవ్వకు నేనొక్కన్నే మొగపిల్లగాన్ని."

అతను మిషను సంచిలో వేసుకుని బండి ఎక్కిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. పరుగెత్తలేదు. నింపాదిగా, ఇంకో గల్లీలో పని ఉన్నవాడిలా వెళ్ళాడు. నిజంగానే ఇంకో గల్లీకి వెళ్ళాడని వారం తిరక్కముందే తెలిసింది. అక్కడ వేలు పెట్టిన వాళ్ళ బ్యాంకు ఖాతాలు ఖాళీ అయ్యాయి.

కాక పేరు మారుమోగిపోయింది. కానీ మా గల్లీకి ఆ రోజు నుంచి ఒక జబ్బు పట్టుకుంది. వాడికి మన పేర్లెవరు చెప్పారు? ఎవరి ఇంట్లో ఏ కార్డుందో వాడికెలా తెలుసు? ఇంటికి వచ్చిపోయే ప్రతివాడి మీదా అందరికీ ఒక చూపు. ఒక సాయంత్రం కాక గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "శారదా, నా ఫోన్ నంబరు నీకు తెల్సు గదా?" అన్నాడు. తెలుసన్నాను. "ఎవలకన్న ఇచ్చినవా?" లేదన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ తలూపడంలో నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు. పేర్లు చెప్పినవాడెవడో ఈ రోజుకీ బయటపడలేదు.

వానాకాలం వెళ్ళాక అసలు రెన్యూవల్ వచ్చింది. దవాఖాన గోడ మీద కాగితం అంటించారు. ఫోన్లకు మెసేజులు పంపారు. భార్యాభర్తలిద్దరూ ఫలానా తేదీలోగా కంపెనీ ఆఫీసుకు స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలి, లేకపోతే కార్డు ఆగిపోతుంది. కాక ఆ కాగితం దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడి వచ్చాడు. "గోడ మీద ఎవడన్న అంటిస్తడు" అన్నాడు. "ఆడు ఇంటికొచ్చి ఏలు అడిగిండు, వీడు ఇంటికి రాకుండ అడుగుతుండు. గంతే తేడా." పోశయ్య సంగతి జరిగాక ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఆయన ముందు అందరూ అవునన్నారు. ఒక్కొక్కరే, చెప్పకుండా, వెళ్ళి రెన్యూవల్ చేయించుకొచ్చారు. నేను మాత్రం అమ్మను తీసుకుపోయి వచ్చానని ఆయనకే చెప్పాను. అక్కడ కౌంటరుంది, ఆఫీసరున్నాడు, నిజమైనదే కాకా, రేపు మీరిద్దరూ రండి, నేను తోడొస్తానన్నాను.

"మీ ఇష్టం. ఏలు ఇచ్చినోళ్ళకు ఎన్క తెలుస్తది" అన్నాడు. చాలా రోజులు గోడ వైపు రాలేదు.

చలి ముదిరాక ఒక పొద్దున చిన్నమ్మకు గుండె పట్టేసింది. ముగ్గు వేస్తూ అక్కడే కూలబడిపోయింది. దవాఖానకు తీసుకుపోతే వాళ్ళు కరీంనగర్ పంపారు. అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరు గుండె నాళం మూసుకుపోయింది, రేపు పొద్దున్నే తెరవాలన్నాడు. కౌంటరులో కార్డు ఇస్తే అక్కడి అమ్మాయి నంబరు కొట్టి చూసి, "ఇది నడుస్తలేదు. రెన్యూవల్ కాలే" అంది.

"అబద్ధం" అన్నాడు కాక.

ఆ అమ్మాయి తెర ఇటు తిప్పి చూపించింది. కాక తెర వంక చూడలేదు, ఆమె ముఖంలోకి చూశాడు. నన్ను పక్కకు పిలిచి, "వీళ్ళు గూడ ఆ పోరని మనుషులే కావచ్చు" అన్నాడు చిన్నగా. భార్య లోపల గుండె పట్టుకుని పడుకుని ఉంటే, ఆ మనిషి కళ్ళలో భయం కంటే అనుమానమే ఎక్కువగా ఉంది. సొంతంగా ఆ ఖర్చు పెట్టుకునే తాహతు ఆయనకు లేదు, నాకూ లేదు. పొద్దుటికల్లా కార్డు నడవాలి. నేనెంత చెప్పినా ఆయన బెంచీ మీంచి లేవలేదు.

చివరికి చిన్నమ్మే పిలిపించింది. ముక్కుకు గొట్టం ఉంది, మాట సగం సగం వస్తోంది. "ఏమయ్యా, లోకాన్ని నమ్మకు. నన్నన్న నమ్ముతవా?" అంది. కాక మంచం అంచున కూర్చున్నాడు. "నమ్మితే ఈ పిల్లతోని పో. ఏలు పెట్టు."

అమ్మను చిన్నమ్మ దగ్గర ఉంచి, మేమిద్దరం గోదావరిఖని బస్సెక్కాం. ఆ రోజు కాక బస్సు ఎటు పోతుందని ఎవరినీ అడగలేదు. పెద్దపల్లి దాటాక కిటికీలోకి చూస్తూ తనంతట తానే మొదలుపెట్టాడు. "మా పెదనాయిన కొడుకు కాలువ నీళ్ళ కోసమని కాయితం మీద ఏలు పెట్టిచ్చుకున్నడు బిడ్డా. చదివి గూడ వినిపిచ్చిండు. ఎన్క తెల్సింది, అది నా పొలం ఆనికి అమ్మిన కాయితం. గప్పుడే బొగ్గు బాయి పనికి వచ్చిన. ఇగ ఏలు పెట్టద్దని సంతకం నేర్చుకున్న. కందిలి దీపం కాడ కూసోని మీ నాయిన నేర్పిండు. గిన్నేండ్లకు మల్ల ఏలే అడుగుతున్నరు."

మా నాన్న నేర్పాడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆఫీసులో కౌంటరు వెనక ఒక నడివయసు ఆవిడ ఉంది. "కూర్చోండి బాబాయ్ గారూ, ఏమైంది?" అంది. కాక నా చెవి దగ్గర, "మాట మనది కాదు" అన్నాడు. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం కావచ్చు. మన మాట మాట్లాడినవాడు ఏం చేశాడో కాకకు గుర్తు చేయబోయి ఊరుకున్నాను. ఆయన ఆమె మెడలోని కార్డు చూపించమన్నాడు. ఆమె చిన్నబుచ్చుకోలేదు, మెడలోంచి తీసి చేతికే ఇచ్చింది. నాచేత చదివించాడు. వరుసలో నిలబడ్డ ఒకాయన చేత మళ్ళీ చదివించాడు. ఆమె ఓపిగ్గా ఉంది. ఆసుపత్రి రాసిచ్చిన చీటీ చూసింది, కరీంనగర్ ఫోన్ చేసి డాక్టరుతో మాట్లాడింది. "ఆవిడ రాలేరు కాబట్టి ఈ చీటీ మీద మా సారు సంతకం పెడతారు. మీరు మాత్రం వేలు పెట్టాలి" అంది.

కాక చాలాసేపు తన బొటనవేలు చూసుకున్నాడు. తర్వాత మిషను మీద పెట్టాడు.

ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. చూపుడు వేలు, ఎడమ చెయ్యి, తుడిచి, తడిపి, ఎలా పెట్టినా తీసుకోలేదు. ఏళ్ళ తరబడి బొగ్గు ఎత్తిన వేళ్ళు. గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి.

కాక మిషను వైపు చూస్తూ, "నేను దాన్ని నమ్మలే. అది నన్ను నమ్ముతలేదు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆవిడ లోపలికి వెళ్ళి కంటిపాప చూసే ఇంకో మిషను తెచ్చింది. "కళ్ళు బాగా తెరవండి బాబాయ్ గారూ. ఇంకాస్త." ఆయన కళ్ళు అంత పెద్దవని నాకు ఆ రోజే తెలిసింది. పచ్చ దీపం వెలిగింది.

మేం కరీంనగర్ చేరేసరికి అక్కడి తెర మీద కార్డు నడుస్తోంది. మర్నాడు చిన్నమ్మ గుండె నాళం తెరిచారు. వారానికి ఇంటికొచ్చింది. కాక అన్నం తినిపిస్తుంటే, "ఉప్పెక్కువైంది" అంటూ నవ్వింది.

కాక మారిపోయాడని రాస్తే అది అబద్ధం. అనుమానం ఆయనను విడిచిపెట్టలేదు. మరుసటి ఏడు రెన్యూవల్ కబురు రాగానే మళ్ళీ కళ్ళు చిన్నవి చేశాడు. కానీ ఆ మధ్యాహ్నమే కర్ర పట్టుకుని ఒక్కడే ఆఫీసుకు నడిచి వెళ్ళి, కౌంటరులో ఆవిడనే అడిగి వచ్చాడు. వచ్చి ఇంటింటికీ తిరిగాడు. "నిజమేనా కాకా?" అని అడిగిన ప్రతి గుమ్మంలోనూ, "నేను పోయి అడిగొచ్చిన" అన్నాడు. మా గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు కాసేపు నిలబడ్డాడు. "అనుమానం వచ్చుడు తప్పు గాదు బిడ్డా. వచ్చినంక ఇంట్ల కూసున్న సూడు, గదీ తప్పు" అన్నాడు. నా మీద పడిన ఆ పాత అనుమానం గురించి ఏమీ అనలేదు. అనకపోయినా, ఇద్దరి కార్డులూ ఆ రోజు నా చేతిలో పెట్టి, "నీ దగ్గర్నే ఉంచు" అన్నాడు.

ఆ తర్వాత రెండు చలికాలాలకు ఊపిరితిత్తులు పాడై కాక వెళ్ళిపోయాడు. దవాఖానలో ఆఖరి రోజుల్లో కూడా సూది వేయబోయే నర్సును అది ఏం మందని అడిగి, నా వైపు తిరిగి చదవమనేవాడు. నేను చదివాక ఇంకెవరినీ అడిగేవాడు కాదు.

ఇప్పుడు ఏటా అమ్మనూ చిన్నమ్మనూ నేనే తీసుకుపోతాను. బడిలో నన్ను చాదస్తురాలంటారు, ప్రతిదీ రెండుసార్లు అడుగుతానని. అడుగుతాను. మొన్న ఎదురింటి పద్మ చేతిలో ఫోన్ పట్టుకుని ఆదరాబాదరాగా వచ్చింది. వాళ్ళ అత్తమ్మ కార్డు ఆగిపోతుందని ఏదో మెసేజ్.

"అక్కా, ఇది నిజమా, అబద్ధమా?"

"నాకు తెల్వది. పా, పోయి అడిగొద్దాం" అని చెప్పులు వేసుకున్నాను.