ఇద్దరు మోసిన బండలు

హాలియా కాడ ఇల్లు కట్టుకుంటున్న మా బిడ్డ నిన్న పొద్దుగాల ఫోన్ల రాళ్ల ఫోటోలు పంపింది. ముందట గోడకు అతికించే ఎర్ర ఇసుకరాయి ఒకటి, అద్దం లెక్క మెరిసే నల్ల గ్రానైటు ఒకటి, గరుకుగ చెక్కిన తెల్లది ఒకటి, షాబాదు బండలు, తాండూరు బండలు, ఇంకా నోరు తిరగని పేర్లయి ఎన్నో. "అమ్మా, గోడకు ఏది మంచిగుంటది, వాకిట్లకు ఏది, సాయంత్రం పూట కూసునే జాగాకు ఏది? జర చూసి చెప్పు" అన్నది. కండ్లద్దాలు పెట్టుకొని చూసిన. అన్నీ మంచిగనే ఉన్నయి. అన్నీ చూసేసరికి నాకు మెడ నొప్పి లేసింది. ఎండకు కాలొద్దు, వానకు జారొద్దు, గది చాలు బిడ్డా అని చెప్పి ఫోను పక్కకు పెట్టిన. గంతకంటే ఎక్కువ చెప్పే ఓపిక నాకు లేదు. రాళ్ల కాడ మా ఇంట్ల పడ్డ తిప్పలు ఒక జన్మకు సరిపోయినయి.

మాది పాలమూరు దిక్కు ఊరు. తెలంగాణ వచ్చినంక కట్టిన రిజర్వాయరు కింద పోయింది. ఆ ఊర్ల మా ఇంటి ముందట పెద్ద పెద్ద రాతిబండలు పరిచి ఉండేటియి. ఒకటి ఎత్తు, ఒకటి వంపు, ఒక్కదానికీ అంచు సాపుగ లేదు. నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు బిందె పట్టుకొని వస్తుంటే వాటి మీద తట్టుకొని పడని వారం లేదు. గవి మా అత్త తెచ్చిన బండలు. పడుచుతనంల ఆమె ఊరి బయట గుట్ట కాడ కూలికి పోయేదట. గుట్ట మీద మంట పెట్టి, రాయి పొర లేసినంక ఉలులు కొట్టి బండలు తీసేటోళ్లు. అంచు విరిగినయి అమ్ముడు పోవు గనుక మేస్త్రి "మీరే తీస్కపోండ్రి" అనేటోడట. నిలువెత్తు బండ ఒక్కరితోని కాదు. ముందట ఒకరు, వెనుక ఒకరు, తలల మీద చుట్టబట్ట పెట్టుకొని మోయాలె. మా అత్తకు జత ఎదురింటి పెద్దమ్మ. ఒక బండ మా వాకిట్ల దించితే, ఇంకో బండ వాళ్ల వాకిట్ల దించాలె. అట్ల రెండిండ్ల ముందట ఇద్దరూ కలిసి పరుచుకున్నరు. ఎదురింటి పెద్దమ్మ పొడుగు, మా అత్త పొట్టి. బండ ఎప్పుడూ మా అత్త దిక్కే వాలేదట. "బరువంత నా మీదికే తోసినవు" అని ముసలితనంల కూడ అత్త దెప్పేది. "నిన్ను పొడుగు పెరగొద్దని నేనేమన్న పట్టుకున్ననా" అని ఎదురింటి పెద్దమ్మ అనేది. పొద్దూకిందంటే ఆమె ఆ బండల మీద, ఈమె ఈ బండల మీద కూసొని, నడుమల బాట అవతలికి ఇనవడేటట్టు అరుసుకుంటనే ముచ్చట పెట్టేటోళ్లు. ఊరి సంగతులన్నీ మాకు గట్లనే తెలిసేటియి.

ఊరు ఖాళీ చెయ్యాలన్నంక అందరు తలుపులు, దర్వాజలు, దూలాలు పీకి ట్రాక్టర్లల్ల ఎత్తుకున్నరు. బండలు మాత్రం ఎవ్వరు ముట్టలేదు. ముంపు ఊరోళ్లకు సర్కారు ఇచ్చే కాలనీల కట్టబోయే కొత్త ఇంటికి గ్రానైటు ఏపియ్యాలని మా ఆయన నన్ను బండి మీద ఎక్కించుకొని దుకాణాలన్నీ తిప్పిండు. ఒకటి చూసి బాగుందంటడు, ఇంకోదాని కాడికి పోయి ముందటిదే నయం అంటడు. ఎండల తిరిగి తిరిగి ఆఖరికి మబ్బు రంగుది ఒకటి నచ్చింది. ఇంటికొచ్చి సంబరంగ చెప్పంగనే మా అత్త, "నా బండలు వస్తేనే నేను వస్త" అన్నది. అని పోయి వాకిట్ల కూసున్నది. అన్నం ఆడికే తెచ్చిచ్చిన. ఊరి చివరన జేసీబీలు వచ్చి ఆగినయి. సగం ఊరు మొండిగోడలైంది. మా ఆయన బతిలాడిండు, కోపం జేసిండు, మళ్ల బతిలాడిండు. "అమ్మా, రాళ్లు యాడికి పోయినా దొరుకుతయే" అంటే, "అయితే నువ్వు పో" అన్నది.

ఏం చేస్తడు? గడ్డపారలు పట్టుకొని మనుషులను పిలుచుకొచ్చిండు. భూమిల కూరుకుపోయిన బండలు లేస్తయా? లేపేటప్పుడు దర్వాజ ముందటి పెద్దబండ నడుమకు పలిగింది. మా ఆయన దాని మీదనే కూలవడి తల పట్టుకున్నడు. నాకు ఆయనను చూస్తే పాపం అనిపించింది, అత్తను చూస్తే భయమైంది. ఆమె దగ్గరికొచ్చి వంగి, పలిగిన కాడ చేత్తోని తడిమి, "రెండూ ఎక్కియ్యిరా కొడుకా" అన్నది, గంతే. మబ్బు రంగు గ్రానైటు దుకాణంలనే ఉండిపాయె.

కాలనీల జాగాలు చీటీలు తీసి ఇచ్చిండ్రు. మాది రోడ్డు మొదట్ల వచ్చింది, ఎదురింటి పెద్దమ్మ వాళ్లది కాలనీ ఆఖరున నీళ్లట్యాంకు కాడ వచ్చింది. అయినా మేము ఆమెను ఎదురింటి పెద్దమ్మ అనే పిలిచినం. వాళ్ల కొడుకులు పాత బండలు తేలేదు, ఇంటి ముందటంత నల్లటి గ్రానైటు ఏపిచ్చిండ్రు. ముఖం చూసుకోవచ్చు, గట్ల మెరిసేది. మా ముందట మాత్రం పాత బండలే, మేస్త్రి అంచులు కోస్తనంటే అత్త వద్దన్నది. తొవ్వంట పోయేటోళ్లు నిలవడి చూసి నవ్వేటోళ్లు. ఇంత చేస్తే, ఒక్క పూట గూడ అత్త వాటి మీద కూసోలే. పొద్దుగాల బయటికొస్తది, నిలవడి చూస్తది, లోపటికి పోతది. ఆఖరికి మా ఆయనే ఉండవట్టక, "నీకోసమే గదనే నడుము విరుగంగ తెచ్చిన, కూసోవేందే?" అన్నడు. "ఆడ కూసుంటే ఎదురుంగ ఆ పొడుగుది కనవడేది. ఈడ కూసుంటే కరెంటు స్తంభం కనవడ్తది. దానితోనేం మాట్లాడాలె?" అన్నది అత్త. మా ఆయన తువ్వాల దులిపి భుజం మీదేసుకొని బయటికి పోయిండు.

ఒకనాడు అత్త కట్టె పట్టుకొని ట్యాంకు దిక్కు నడిచింది. నేను వెంట పోయిన. ఎదురింటి పెద్దమ్మ లోపటి అర్రల మంచం మీద ఉన్నది, చేతికి పట్టీ కట్టి మెడకు ఏలాడదీసిండ్రు. తడి గ్రానైటు మీద జారి మణికట్టు విరిగిందట. "దవాఖానకు పోయొచ్చిన. ఇగ బయటికి రావాల్నంటేనే భయమైతాందే. మధ్యాహ్నమైతే కాళ్లు కాల్తయి, వానొస్తే జార్తది" అన్నది. అత్త కట్టె పట్టుకొని లేసింది. ఇంటికొచ్చి, అన్నం తినేటప్పుడు కొడుకుతోని, "ఆ బండలు తీస్కపోయి దాని ఇంటి కాడ ఎయ్యి" అన్నది. మా ఆయన ముద్ద నోటిదాక పోయి ఆగింది. నా దిక్కు చూసిండు. నేను చారు గిన్నె దిక్కు చూసిన.

వాళ్ల కోడలు ముందు ఒప్పుకోలే. "నున్నటియి ఏపిచ్చుకున్నం, పక్కన గీ మొరటుయి ఏందక్కా" అన్నది నాతోని. లోపటి నుంచే ఎదురింటి పెద్దమ్మ, "నేను గూడ మొరటుదాన్నే, నన్ను గూడ పారేస్తవా" అన్నది. కోడలు నవ్వింది, ఇగ కాదనలేకపోయింది. ఇంటి పక్క గోడ పొంటి, సాయంత్రం పూట నీడ పడే కాడ మా ఆయన తన చేతులతోనే బండలు పరిచిండు. పలిగిన రెండు ముక్కలు దగ్గరికి జరిపి నడుమల సిమెంటు నింపిండు. అత్త మొదలు కాలు పెట్టి చూసింది, తర్వాత కూసున్నది. ఎదురింటి పెద్దమ్మను కోడలు రెక్క పట్టి తెచ్చి పక్కన కూసోబెట్టింది. మా అత్త, "జర అటు జరుగు, ఇప్పుడు గూడ నా మీదికే వాలుతున్నవ్" అన్నది. మా ఆయన చేతులకంటిన సిమెంటు కడుక్కుందామని నల్లా కాడికి పోయి, శానసేపు ముఖం కడుగుతనే ఉన్నడు.

మా వాకిలి మళ్ల ఉత్త మట్టైంది. ఈసారి మా ఆయన ఏ దుకాణం తిరగలే. కాలనీలకు బండల లారీ వస్తే ఆపి, "ఏదో ఒకటి దింపుండ్రి" అన్నడు. షాబాదు బండలు దిగినయి, వాటిని పరిచినం. రంగు ఎట్లుందని నన్ను అడగలే, నేను చెప్పలే.

అత్త రోజూ పొద్దూకినంక అక్కడికి పోయేది. ఒక వానకాలంల ఎదురింటి పెద్దమ్మ పోయింది. అత్త ఆ తర్వాత కూడ కొన్నాళ్లు పోయి ఒక్కతే కూసొని వచ్చేది. వాళ్ల కోడలు రోజూ సల్ల తెచ్చి ఇచ్చేదట. నడుమల ఎప్పుడో పోవుడు మానింది. ఎందుకని మేం అడగలే, కట్టె మాత్రం మూలకు పెట్టింది. మరుసటి ఎండాకాలం ఆమె కూడ పోయింది. మా ఆయన గా బండల మాట మళ్ల ఎన్నడు ఎత్తలే. ఇప్పుడు నాకూ మోకాళ్లు నొస్తున్నయి, పొద్దూకితే ఎవరన్న వచ్చి పక్కన కూసుంటే బాగుండు అనిపిస్తాంది. కాలం మనుషులను తీసుకపోయేటప్పుడు మనను అడగదు. మనం మాత్రం ఉన్నన్ని రోజులు, ఎవరి పక్కన కూసోవాల్నో తెలుసుకునేదానికే సగం వయసు ఒడగొట్టుకుంటం.