బొమ్మ వెనక గొంతు

ఆ రోజుల్లో నేను ఎవర్నీ నమ్మేవాణ్ణి కాదు. అమీర్‌పేటలో ఇడ్లీ బండి దగ్గర కూడా చట్నీ ఇవాళ్టిదేనా అని రెండుసార్లు అడిగాకే ప్లేటు అందుకునేవాణ్ణి. అందులో నా తప్పేం లేదు. జావా నేర్చుకుందామని కాకినాడ నుంచి వస్తే, ఉద్యోగం గ్యారంటీ అన్న కన్సల్టెన్సీ మూడో నెలకే బోర్డు తిప్పేసింది. తర్వాత దొరికిన కాల్ సెంటర్లో, నాకు షుగరుందనీ రోజూ ఇన్సులిన్ వేసుకుంటాననీ ఉన్నదున్నట్టు చెప్పాను. వారం తిరక్కుండానే రావద్దన్నారు. అప్పట్నుంచి ఆ సంగతి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నా రూమ్మేట్‌కి కూడా తెలియనివ్వలేదు. బాత్రూంలో గడియ పెట్టుకుని సూది పొడుచుకునేవాణ్ణి.

చివరికి పంజాగుట్టలో ఓ నర్సింగ్ కాలేజీలో కుదిరాను. చేసే పని చెబితే ఇంట్లోవాళ్లు నవ్వారు. విదేశం నుంచి తెప్పించిన నిలువెత్తు బొమ్మ ఒకటి మంచం మీద పడుకుని ఉంటుంది. దానికి ఊపిరాడుతుంది, నాడి కొట్టుకుంటుంది. నర్సింగ్ పిల్లలు మనుషుల మీద చెయ్యి వేసేముందు దాని మీద నేర్చుకోవాలి. పక్క గదిలో అద్దం వెనక కూర్చుని, కంప్యూటర్‌తో దాని బీపీ పెంచడం, దించడం నా పని. వాళ్లు నాకు కనిపిస్తారు, నేను వాళ్లకి కనిపించను. బొమ్మ గొంతు కూడా నాదే. మైకు మీట నొక్కి "గుండెల్లో నొప్పమ్మా" అని మూలిగితే అది బొమ్మ నోట్లోంచి వచ్చేది. పిల్లలు దాన్ని తాతా అని పిలిచేవాళ్లు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు.

నాలాంటి అనుమానప్పక్షికి అంతకన్నా తగిన కుర్చీ ఎక్కడుంటుంది? కూర్చుని అందర్నీ కనిపెట్టేవాణ్ణి. పిల్లలంతా మానిటర్లో అంకెలు చూసి కంగారుపడేవాళ్లు, తప్పులు చేసేవాళ్లు. బోరబండ నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం తప్పు చేసేది కాదు. మానిటర్ వైపు సరిగ్గా చూసేది కూడా కాదు. బొమ్మ నోటి దగ్గర చెవి పెట్టి, "జర మెల్లగ చెప్పు తాతా, ఏమైతుంది?" అని అడిగేది. ఏ రోగం పెట్టినా పట్టేసేది.

నాకది మింగుడు పడలేదు. అమీర్‌పేటలో ఏ పరీక్ష ప్రశ్నలైనా జిరాక్స్ షాపులో దొరికే రోజులవి. నేను పెట్టబోయే కేసుల జాబితా ఈ పిల్లకి ఎవరో అందిస్తున్నారని నిశ్చయించుకున్నాను. అది బయటపడితే ముందు ఊడేది నా ఉద్యోగమే. పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చాను. జాబితాని టిఫిన్ బాక్సు కింద దాచాను.

ఫైనల్ ప్రాక్టికల్స్ రోజు పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని, కాలేజీకెళ్లి తిందామని ఉప్మా కట్టించుకున్నాను. కంప్యూటర్ల దగ్గర తినకూడదు, కింద క్యాంటీన్‌కి పోవాలి. నేనటు పోతే ఎవరైనా వచ్చి స్క్రీన్ చూసేస్తే? బాక్సు సంచిలోనే ఉండిపోయింది. బయటి కాలేజీ నుంచి రావాల్సిన ఎగ్జామినర్ మేడమ్ లక్డీకాపూల్ ట్రాఫిక్‌లో చిక్కుకుని రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు.

ఆ అమ్మాయి వంతు వచ్చేసరికి నా వేళ్లు వణుకుతున్నాయి. ఏసీ గదిలో చొక్కా తడిసిపోయింది. పిల్ల మీద కోపం వల్లే అనుకున్నాను. గుండెనొప్పి కేసు పెట్టి మైకులో మాట్లాడబోతే నాలుక మడత పడింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్ తాతా?" అంది.

అది నా కాగితంలో లేని ప్రశ్న. "ఏం... తినలేదు" అనేశాను.

ఆ అమ్మాయి బొమ్మ నోటి దగ్గర్నుంచి తలెత్తింది. మంచం వదిలేసి నా గది తలుపు తోసుకుని లోపలికొచ్చింది. దొరికావే దొంగా అనుకుని, రెండు చేతులూ స్క్రీన్‌కి అడ్డం పెట్టాను. తను స్క్రీన్ వైపు చూడనే లేదు. నా నుదురు ముట్టుకుని, "షుగరుందా అన్నా?" అంది. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేక తలూపాను. బయటికి పరిగెత్తి, ఎగ్జామినర్ మేడమ్ కోసం పోసి ఉంచిన టీ కప్పు తెచ్చి, అందులో ఇంత చక్కెర కుమ్మరించి నాచేత తాగించింది.

"ఎవరికీ చెప్పకు. ఉద్యోగం పోతుంది" అన్నాను. చెప్పనన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

ఇన్సులిన్ మీద తిండి లేక పడిపోయిన షుగరు కాస్త పెరిగి, కాసేపటికి చూపు తేరుకుంది. అద్దంలోంచి చూస్తే ఆ అమ్మాయి తలొంచుకుని నిలబడి ఉంది.

"పేషెంట్‌ని వదిలి వెళ్తే ఫెయిలని తెలీదా? ఆ గదిలోకి ఎందుకెళ్లావు? కేసు చూసి రావడానికా? టీ కూడా ఇచ్చి మరీ!" అంటున్నారు ఎగ్జామినర్ మేడమ్. మా ప్రిన్సిపాల్ మేడమ్ కూడా పక్కనే ఉన్నారు. నా షుగరు సంగతి ఒక్క ముక్క చెబితే ఆ పిల్ల గట్టెక్కుతుంది, అయినా చెప్పలేదు. ఎగ్జామినర్ పెన్ను తీశారు.

నాకు సిగ్గేసింది. జన్మలో అంత సిగ్గు పడలేదు. మీట నొక్కాను.

"మేడమ్, షుగరు నాకు. పడిపోబోతుంటే వచ్చి కాపాడింది. తనేం చూడలేదు."

బొమ్మ నోట్లోంచి వచ్చిన ఆ మాటలకి మేడమ్‌లిద్దరూ ఉలిక్కిపడి బొమ్మ వైపు తిరిగారు. ఆ ఫెయిలు కొట్టేయడం, నా ఉద్యోగం నిలవడం తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం బొమ్మని చూడనిది ఆ అమ్మాయి ఒక్కతే. నేను కనిపించనని తెలిసీ అద్దం వైపు తిరిగింది.

"టిఫిన్ సుత తిను అన్నా. వట్టి చాయ్‌తోని ఆగది" అంది.