తాళం వేసిన గదిలో మగ్గం చప్పుడు

పత్రికలో పనిచేసినన్నాళ్ళూ దయ్యాల కబుర్లు నా బల్ల మీదికి వస్తూనే ఉండేవి. వేపచెట్టుకు పాలు కారుతున్నాయని ఒకరు, పాడుబడ్డ బంగళాలో దీపం వెలుగుతోందని ఒకరు. వెళ్ళి చూసేవాణ్ణి. ప్రతిసారీ ఏదో ఒక మామూలు కారణం దొరికేది. అది దొరికాక వార్త మిగిలేది కాదు. ఇప్పుడు చెప్పబోయేది ఇంకెవరైనా వచ్చి చెప్పి ఉంటే వాళ్ళకు టీ ఇప్పించి పంపేసేవాణ్ణి.

మా అక్క భర్త మునిరత్నం బావ చేనేత పనివాడు. తిరువళ్ళూరులో మా పక్క వీధిలో ఉంటాడు. చిన్నప్పటి నుంచి గుంట మగ్గం మీదే బతికాడు. గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, అడుగున ఉండే తొక్కుడు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ ఉంటే పైన నూలు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తుతుంది. నిద్రలో కూడా ఆయన కాళ్ళు అదే పని చేసేవి. పెళ్ళయిన కొత్తలో అక్క భయపడింది. ఆ తర్వాత చాప దూరంగా వేసుకుంది.

కిందటేడు బావ మగ్గం విప్పేశాడు. కొన్నాళ్ళకు మా ఇంటికొచ్చి, తిరుమలకు నడిచిపోదామన్నాడు.

“ఇన్నేండ్లు కాళ్ళాడించినాను గదా, ఒక్క అడుగన్నా ముందుకు పోయినానా? చచ్చేలోపల ఈ కాళ్ళతో ఒక కొండెక్కాల. నువ్వు తోడుంటే చాలు పేపరాయనా.”

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి, అక్కడి నుంచి నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి, ఆపైన మెట్లదారి. మా ఇద్దరిలో ఎవరమూ అంత దూరం నడిచినవాళ్ళం కాదు. బావ గుండెకు అంతకుముందే ఒకసారి వైద్యం జరిగింది. అందుకని అక్క నా దగ్గర ఒక్కటే మాట తీసుకుంది. ఆయనకు ఆయాసం వస్తే, ఎంత మొండికేసినా సరే, నడక ఆపించి రైలెక్కించాలి.

మొదటిరోజే నా పాదాలు బొబ్బలెక్కాయి. బావ మాత్రం హుషారుగా ఉన్నాడు. దారిలో టీ కొట్టాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, “బస్సులుండాయి గదయ్యా, ఏంటికీ కష్టం?” అన్నాడు.

“బస్సెక్కితే బస్సు నడస్తాది గానీ నేను నడస్తానా,” అన్నాడు బావ.

రెండోరోజు మధ్యాహ్నానికి తిరుత్తణి కొండ దూరంగా కనబడింది. అప్పటికి బావ మాటలు తగ్గాయి. నీడ కోసం రోడ్డు దిగి, పవర్‌లూముల మోత వినబడుతున్న ఒక నేతవీధిలోకి వెళ్ళాం. ఆ ఊరి పేరు రాయను. అక్కడ మాకు మజ్జిగ ఇచ్చి అరుగు మీద చోటిచ్చిన ఆవిడను రాజమ్మ అంటాను. అది ఆమె అసలు పేరు కాదు.

ఆ వీధి మొత్తానికి చేతిమగ్గం మిగిలింది వాళ్ళింట్లోనే. లుంగీల కోసం మగ్గానికి ఎక్కించిన పడుగు, అంటే నిలువు నూలు, సగంలో ఉండగా ఆమె భర్త పోయాడు. మగ్గం గదికి తాళం వేసింది. తాళంచెవి కొంగున కట్టి ఉంది.

“పోయినోళ్ళ పడుగు మీద ఇంగొకరు కూసోరన్నా మా వీధిలో. సరే, కోసేద్దామంటే చెయ్యి రాలే.”

అరుగు మీదికి ఉన్న కిటికీలోంచి బావ లోపలికి చూశాడు. నేనూ చూశాను. నేసింది కొంత, నేయాల్సింది చాలా. మగ్గం కొయ్యల మధ్య సాలెగూళ్ళు. కూర్చునే పలక మీద దుమ్ము. పక్కన బుట్టలో, నాడెలో పెట్టే నూలు కండెలు నిండుగా ఉన్నాయి. అవి తనే చుట్టి పెట్టానని రాజమ్మ చెప్పింది.

“అంచు చూడు, ఎంత బిగువుగా ఉండాదో. మంచి చెయ్యి,” అన్నాడు బావ. ఆ తర్వాత కిటికీ కిందనే తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. వెంటనే నిద్రపట్టింది.

కాసేపటికి కరెంటు పోయింది. వీధిలో పవర్‌లూములన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మా వెనక నుంచి మగ్గం చప్పుడు వినబడింది.

పక్క వీధిదనుకున్నాను. రాజమ్మ గడప దగ్గర నిలబడి గది తలుపు వైపు చూస్తోంది. ఆమె ముఖం చూశాకే అది తాళం వేసిన గదిలోంచేనని నాకు అర్థమైంది. కిటికీలోంచి చూద్దామని లేవబోతూ బావ కాళ్ళు చూశాను. ఎప్పటిలాగే ఆడుతున్నాయి. కుడికాలు నొక్కినప్పుడు ఒక చప్పుడు, ఎడమకాలు నొక్కినప్పుడు ఒక చప్పుడు. ఎక్కడా తప్పడం లేదు.

నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది. బావ కుడికాలి చీలమండ పట్టుకున్నాను.

లోపల చప్పుడు ఆగిపోయింది.

వదిలాను. మొదలైంది. మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ ఆగింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళే ధైర్యం ఆ తర్వాత రాలేదు. ఆ సంగతి దాచను.

బావ చొక్కా చెమటకు తడిసిపోయింది. నోటితో గాలి పీలుస్తున్నాడు. అక్కకు ఇచ్చిన మాట గుర్తొచ్చి, రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకుని “బావా, లెయ్” అన్నాను. లేవలేదు. నా చేతుల్లో ఆ కాళ్ళు గింజుకుంటున్నాయి.

అప్పుడు రాజమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. అంతకుముందే కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది.

“పట్టుకోవద్దన్నా. వదిలేయండి. పడుగు కొంచమే ఉండాది.”

వదలకూడదు. వదిలాను. ఎందుకు వదిలానో అక్కకు ఇప్పటికీ సరిగా చెప్పలేకపోతున్నాను.

చప్పుడు ఇంకాసేపు సాగి, తనంతట తానే ఆగింది. కాళ్ళు కూడా ఆగాయి. రాజమ్మ కొంగు ముడి విప్పి తాళం తీసింది. మగ్గం మీద పడుగు చివరిదాకా నేసి ఉంది. బుట్టలో కండెలన్నీ ఖాళీ. ఆమె ఒక్కో కండె తీసి చూసి మళ్ళీ బుట్టలో వేసింది. కూర్చునే పలక మీద దుమ్ము మాత్రం చెదరలేదు. కొయ్యల మధ్య సాలెగూళ్ళు కూడా అట్లాగే ఉన్నాయి. రాజమ్మ మగ్గం పక్కన కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు.

బావ లేచేసరికి పిక్కలు రాళ్ళలా గట్టిపడి ఉన్నాయి. నిలబడలేకపోయాడు. నేను ఏమీ చెప్పకముందే తనే అన్నాడు.

“మెట్లు ఎక్కతా ఉన్నా. ఎంతకీ అయిపోవే. నడమ ఎవురో కాళ్ళు పట్టుకున్నారు, మళ్ళీ వదిలినారు. పైకి పోయినాను. అయిపోయింది పేపరాయనా, ఇంటికి పోదాం.”

“తిరుమల ఇంకా యాడో ఉండాది బావా,” అన్నాను.

“నాకు చాలు.”

గదిలో ఏముందో ఆయన అడగలేదు. ఆటోలో తిరుత్తణి స్టేషనుకు చేరి లోకల్ రైలెక్కాం. కిటికీలోంచి కొండ కనబడినంతసేపూ నేను చూస్తూనే ఉన్నాను. బావ అటు తిరగలేదు.

ఆస్పత్రిలో గుండె బాగుందన్నారు. అలవాటు లేని నడక వల్ల పిక్కలు పట్టేశాయన్నారు. కావచ్చు. బంధువులెవరో ముందే నేసి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. కానీ నిండు బుట్టను నా కళ్ళతో చూశాను. నా చేతుల్లో ఆగిన చప్పుడుకు ఏ కారణమూ కుదరడం లేదు.

రాజమ్మ ఆ గుడ్డ కోసి, అందులోంచి ఒక లుంగీ బావకు పంపింది. దాని అంచు ఆయన చాలాసేపు వేళ్ళతో తడిమి చూశాడు. “ఇది నా నేతే,” అని మడిచి పెట్టేశాడు. ఇంతవరకూ కట్టలేదు.

మొన్న అక్క మా ఇంటికొచ్చింది. ఇప్పుడు చాప మళ్ళీ బావ పక్కనే వేసుకుంటోందట.

“నిద్దట్లో ఆయన కాళ్ళు ఆడడం లేదురా తమ్ముడా,” అంది. “కదలకుండా పడుకుంటాడు. ఉండాడా లేడా అని లేచి లేచి చూసుకుంటా ఉండా.”