పెద్దావిడ అడిగిన మట్టి

మా బావ ఇరవై ఆరేళ్లుగా జూలో పెద్ద తాబేళ్లకు చాకిరీ చేస్తున్నాడు. పొద్దున్నే గడ్డి కోసి వేయడం, పేడ ఎత్తడం, తొట్టి కడగడం, చలికాలమైతే గదిలోకి తోలి వెచ్చటి దీపాలు వేయడం. వాటిలో ఒకటిన్నర క్వింటాళ్ల ఆడదాన్ని అందరూ పెద్దావిడ అనేవాళ్లు. "నేను చిన్నావిడనేగా, నా మాట ఎందుకు చెవికెక్కుతుంది?" అని మా అక్క దెప్పేది. బావ నవ్వేవాడు.

ఒక ఏడు తాబేళ్ల దొడ్డి నేలంతా సిమెంటు చేయించారు. కడగడానికి సులువట. పెద్దావిడ మేత మానేసి, వెనక కాళ్లతో ఆ సిమెంటును గీకడం మొదలుపెట్టింది. గోళ్లు అరిగి రక్తం కారింది. గుడ్లు పెట్టాలంటే అది గొయ్యి తవ్వుకోవాలి. మెత్తటి మట్టి దొరక్కపోతే గుడ్లు కడుపులోనే ఉండిపోయి ప్రాణం మీదికొస్తుంది. బావ వెళ్లి అధికారికి అదే చెప్పాడు.

"మట్టి పోస్తే బురదవుతుందయ్యా. చూడ్డానికొచ్చేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడాయన.

మూడుసార్లు అర్జీ పెట్టి విసిగిపోయి, బావే సైకిల్ మీద బస్తాలు మోసుకొచ్చి ఓ మూల మోకాలి లోతు మట్టి పోశాడు. నాలుగో రోజు పెద్దావిడ ఆ మట్టిని తన ఉచ్చతో తడిపి తవ్వడం మొదలుపెట్టింది. బావ సంతోషం పట్టలేక నాకు ఫోన్ చేశాడు.

గంట తిరక్కుండా అధికారి వచ్చాడు. మర్నాడు తనిఖీ.

"ఏంటీ చెత్త? మధ్యాహ్నానికల్లా ఎత్తెయ్. లేదంటే నువ్వే ఇంటికి పో."

ఇక్కడే నాకు బావ మీద ఒళ్లు మండుతుంది. "ఒక్క రోజు ఆగండి సార్" అన్నాడట, అంతే. ఆ తర్వాత పార అందుకున్నాడు. ఇంకో ఇద్దరిని పిలిచి పెద్దావిడను పక్కకు నెట్టి, సగం తవ్విన గొయ్యితో సహా మట్టంతా తట్టలకెత్తాడు. తనిఖీకి వచ్చినవాళ్లు నేల అద్దంలా ఉందని మెచ్చుకున్నారు.

ఆ తర్వాత మళ్లీ మట్టి పోయనివ్వలేదు. జూ డాక్టరుకు చెబితే చూద్దాంలే అన్నాడు. ఐదు వారాలకు అది చచ్చిపోయింది. కోసి చూస్తే లోపల పదకొండు గుడ్లు. ఒకటి పగిలి కుళ్లింది. కాగితం మీద మాత్రం వయసు మీరి పోయిందని రాశారు. బావ సాక్షి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం అధికారిని నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క ఇంకా ఎక్కువ తిట్టింది. బావ కంచం ముందు కూర్చుని అన్నీ విన్నాడు.

"ఆయన్నెందుకురా తిడతావు? ఆయన చెప్పి వెళ్లిపోయాడు. అది నా చెయ్యి చూసి, రోజూ మేత వేసే చెయ్యేనని మెడ చాచింది. ఆ చేత్తోనే నెట్టాను."